పంతొమ్మిది రోజుల నంబరు

ఆ రోజు పొద్దున మబ్బు కురవనా మాననా అన్నట్టు ఇళ్ళ కప్పుల మీదికి దిగి కూర్చుంది. గాలి లేదు. వెలుతురు ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఆటో దిగి ఇంటి గుమ్మం దాకా నడిచేసరికి ఫిట్టరు వాళ్ళ అక్క రెండుసార్లు తడబడింది.

"మబ్బుగా ఉందిరా, అంతే," అంది తనే.

ఫిట్టరు ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. అసలే అతనికి మాట పొదుపు. నూనె మిల్లులో మరలు బిగించే మనిషి. స్క్రూడ్రైవరు ఒక కొస బేరింగు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, లోపల ఏ గోళీ అరిగిందో చెప్పేస్తాడు. ఆ చెప్పేది కూడా "ఇదీ" అని ఒక్క మాట. ఆ ఒక్క మాట కోసం మిల్లు యజమాని అతన్ని ఇరవై ఏళ్ళుగా వదిలిపెట్టలేదు.

ఇప్పుడే చూపించుకొచ్చిన కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ మాత్రం వివరంగానే చెప్పింది. "కుడికంటి వెనక పొర అంచు దగ్గర ఊడటం మొదలైంది. గోడకి అంటించిన కాగితం చెమ్మకి పైనించి ఊడొస్తుంది చూడండి, అలాగ. మధ్యదాకా రాకముందే అతికించాలి. మధ్యకి వచ్చాక అతికించినా ఇక చూపు రాదు. ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు నెలకి ఒక్కసారే వస్తారిక్కడికి. వచ్చే గురువారం వస్తున్నారు. ఆ రోజు మాత్రం తప్పకూడదు."

అక్కకి ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రం. ఎవరో వచ్చారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. బియ్యంలో రాళ్ళు ఏరినా, సూదిలో దారం ఎక్కించినా, తమ్ముడి మొహం చూసి వీడికి జ్వరం వచ్చిందని పట్టేసినా, అంతా కుడికంటితోనే.

గురువారం ఉండాల్సిన ఫిట్టరుకేమో సోమవారం ప్రయాణం. మిల్లు యజమాని పరాయి దేశంలో ఎవరికో నూనె మర అమ్మాడు. దాన్ని అక్కడ కూర్చోబెట్టి, ఆడించి చూపించి రావాలి. పంతొమ్మిది రోజుల పని. వీసా, టిక్కెట్టు అన్నీ అతని పేరు మీదే ఉన్నాయి.

"నేను వెళ్ళనులే," అన్నాడు అక్కని మంచం మీద కూర్చోబెట్టి.

"వెళ్ళక? ఉన్న పని ఊడగొట్టుకుని నా కన్ను చూస్తూ కూర్చుంటావా? అదేమైనా సినిమానా? టైలరమ్మ నా పక్కన ఉంటానంది. వెళ్ళు."

పక్క వాటాలో ఉండే టైలరమ్మ గుమ్మంలోంచే తలూపింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది, అందుకని మాట్లాడలేదు.

అక్క మంచం పట్టీ మీద వేలితో గీతలు గీసింది.

"ఒక్కటి మాత్రం చెయ్యరా. గురువారం పొద్దున వాళ్ళు నన్ను లోపలికి పిలిచేలోపు నువ్వు ఫోన్ చెయ్యాలి. 'వెళ్ళక్కా, ఏం కాదు' అని నీ నోటితో అనాలి. అంటే వెళ్తాను. లేకపోతే ఆ తలుపు దాటనురా, దాటలేను. నీకు తెలుసుగా."

తెలుసు. ఆమె భర్తని అలాంటి తలుపులోంచే చక్రాల మంచం మీద లోపలికి తీసుకెళ్ళారు. అరగంటలో వచ్చేస్తానన్నాడు ఆయన, నవ్వుతూ. మొహం మీద దుప్పటి కప్పి తీసుకొచ్చారు. అప్పటినుంచి ఆమె తన చెయ్యి విరిగినా ఆసుపత్రిలో అలాంటి తలుపు దాటలేదు. కట్టు కూడా బయట బల్ల మీదే కట్టించుకుంది.

"చేస్తాను," అన్నాడు ఫిట్టరు.

మర్నాడు ఫోన్ల షాపుకి వెళ్ళాడు. అక్కడ కూర్చునే అమ్మాయి ఓపిక గల పిల్ల. పంతొమ్మిది రోజులు విదేశం వెళ్తున్నానని అతను అనగానే ఒక కాగితం తీసింది.

"మూడు దార్లున్నాయి బాబాయిగారూ. ఒకటి, మీ నంబరుకే విదేశీ ప్యాక్ వేయించుకోవడం. పది రోజులది ఒకటి. మీకు రెండు కావాలి. మీ నంబరు మీకే ఉంటుంది. ఎవరు చేసినా మీకొస్తుంది, మీరెవరికి చేసినా మీ నంబరే కనబడుతుంది."

"ఎంత?"

చెప్పింది. ఫిట్టరు గడ్డం గోక్కున్నాడు. "రెండోది?"

"అక్కడ దిగగానే ఎయిర్‌పోర్టులో సిమ్ కొనుక్కోవచ్చు. కొంచెం తగ్గుతుంది. మూడోది, ఇంకాస్త ఓపిక పట్టి ఊళ్ళోకి వెళ్ళి చిన్న షాపులో కొన్నారనుకోండి, ప్యాక్‌లో నాలుగో వంతు కూడా కాదు. కాకపోతే అది వేరే నంబరు."

"వేరేదైతే ఏం. మాట్లాడటానికేగా."

పక్కన ఛార్జరు బేరం చేస్తున్న లావుపాటి మనిషి ఇటు తిరిగాడు. "ఈ సిమ్ము మాత్రం ఫోన్లో ఉంచకండి సార్. మా తోడల్లుడు వారం రోజులు వెళ్ళొచ్చాడు. ఫోను జేబులోంచి తియ్యలేదని ఒట్టేస్తాడు. బిల్లు వచ్చాక మా మరదలు మూడు రోజులు వంట మానేసింది. ఫోన్లో ఉంటే చాలు సార్, దానంతటదే కోసేసుకుంటుంది."

"రోమింగు ఆపేస్తే కోయదండీ," అంది అమ్మాయి.

"ఆపేశాననే అన్నాడమ్మా వాడు కూడా!"

అమ్మాయి నవ్వేసి ఫిట్టరు వైపు తిరిగింది. "మీ ఇష్టం బాబాయిగారూ. నన్నడిగితే ముఖ్యమైన ఫోన్లుంటే ప్యాక్ తీసుకోండి. ఏమీ లేకపోతే అక్కడి సిమ్ము చాలు."

ముఖ్యమైన ఫోన్లు. ఆ మాట ఫిట్టరు చెవిన పడింది. కానీ అతను లెక్క వేసుకున్నది వేరు. చెయ్యాల్సింది ఒకటే ఫోను. ఒక్క ఫోను కోసం రెండు ప్యాకులా? ఆ ఒక్కటీ ఏ సిమ్ములోంచి చేస్తే ఏం? గొంతు తనదేగా.

"అక్కడే కొంటాలే," అని వచ్చేశాడు.

ఆదివారం సాయంత్రం పెట్టె సర్దుకున్నాక ఫోన్లోంచి సిమ్ము తీసి కాగితంలో చుట్టి, అక్క దారపు ఉండలు దాచుకునే రేకు డబ్బాలో వేసి మూత బిగించాడు. ఫోన్లో ఉంటే కోసేస్తుందన్నాడు కదా ఆ మనిషి, ఇంట్లోనే ఉంటే అసలు గొడవే లేదు. అతనికి తెలిసిన నంబర్లన్నీ ఆ సిమ్ములోనే ఉన్నాయి. టైలరమ్మది, మిల్లుది, అందరివీ. నోటికి వచ్చింది అక్క నంబరొక్కటే. అదొక్కటీ చాలనుకున్నాడు.

ఆ తర్వాత అక్క పక్కన కూర్చుని ఆమె ఫోను చేతిలోకి తీసుకున్నాడు. బొత్తాల ఫోను. నిరుడు ఎవడో పొడుగాటి నంబరు నుంచి చేసి, బ్యాంకు వాళ్ళమని, తీయగా అమ్మా అమ్మా అంటూ ఆమె దాచుకున్నదంతా ఊడ్చేశాడు. అప్పుడు ఫిట్టరు ఆమెని తిట్టిన తిట్లు వీధంతా విన్నది. సంవత్సరానికి సరిపడా మాటలు ఆ ఒక్క పూటలో వాడేశాడు. అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు అతనే కూర్చుని ఫోన్లో మోతలు మార్చాడు. తన నంబరుకి రైలు కూత పెట్టాడు. టైలరమ్మకి గుళ్ళో గంటలాంటిది. మిగతా లోకానికంతా మామూలు మోత. చెవి మనిషి కదా, కళ్ళు సరిగా లేని అక్కకి చెవులతో దారి వేశాడు.

"చెప్పు. రైలు కూస్తే?" అని అడిగాడు.

"నువ్వు."

"గంట మోగితే?"

"టైలరమ్మ."

"మామూలు మోత వస్తే?"

"ఎర్ర బొత్తాం నొక్కేస్తాను."

"అమ్మా అని బతిమాలినా?"

"ఎత్తితేగా బతిమాలడానికి? చచ్చినా ఎత్తన్రా బాబూ. ఎన్నిసార్లు అప్పజెప్పించుకుంటావు, బళ్ళో పంతులులాగ!"

ఇద్దరూ నవ్వుకున్నారు. సిమ్ము దాచిన రేకు డబ్బా వాళ్ళ మధ్యనే ఉంది, మంచం మీద.

ఆ దేశంలో ఎండ కూడా పరాయిగానే ఉంది. ఫిట్టరుతో పాటు మిల్లు తరఫున ఇంకో ఊరి కరెంటాయన వచ్చాడు. నోటికి తాళం లేని మనిషి. దిగగానే తన ఫోను తెరిచి పెళ్ళాంతో మాట్లాడాడు, ప్యాక్ వేయించుకున్నాడు మరి. ఫిట్టరు మాత్రం పెట్టె లాక్కుంటూ నాలుగు వీధులు తిరిగి, గొడుగులూ చెప్పులూ కూడా అమ్మే ఒక చిన్న కొట్లో సిమ్ము కొన్నాడు.

"నువ్వు గొడుగు కొంటే సిమ్ము ఊరికే ఇచ్చేవాడేమో గురూ," అన్నాడు కరెంటాయన. "అడగాల్సింది."

ఫిట్టరు నవ్వాడు. లోలోపల కాస్త గర్వంగా కూడా ఉంది. ఈ కరెంటాయన అంత చదువుకుని అంత పోశాడు, నేను ఇంతలో తెమిల్చాను అనిపించింది.

పనిలో దిగితే లోకం తెలియని మనిషి అతను. మంగళవారం మర కూర్చోవడానికి సిమెంటు దిమ్మె పోయించారు. బుధవారం బోల్టుల వరస చూశాడు. రసమట్టంలో బుడగ గీతల మధ్య నిలిచే దాకా సన్నటి రేకు ముక్కలు దూర్చాడు. ఇంటికి ఫోన్ చెయ్యలేదు. అక్క గురువారం చెయ్యమంది కదా. ఊరికే చేసి సిమ్ములో ఉన్న డబ్బు కాల్చుకోవడం ఎందుకనుకున్నాడు.

గురువారం. ఇంటి దగ్గర ఎనిమిదైతే ఈ దేశంలో పదిన్నర. ఆ సంగతి వేళ్ళ మీద నాలుగుసార్లు లెక్క కట్టుకున్నాడు. పదీ ఇరవైకే పని ఆపి, చేతుల జిడ్డు తుడుచుకుని, మోత లేని చోటు వెతుక్కుంటూ షెడ్డు వెనక్కి వెళ్ళాడు. పదిన్నరకి నంబరు నొక్కాడు.

రెండుసార్లు మోగింది. తెగిపోయింది.

మళ్ళీ చేశాడు. ఒక్కసారి మోగి తెగింది. లైను దోషం అనుకుని మెట్టెక్కి నిలబడి చేశాడు. తెగింది. మోత ఆగిన తీరు అతనికి తెలుస్తూనే ఉంది. అది లైను పోవడం కాదు. అవతల వేలెవరో నొక్కుతున్నారు.

నాలుగు. ఐదు.

కరెంటాయన తీగ చుట్ట భుజాన వేసుకుని అటుగా వచ్చాడు. "ఏం గురూ, ఎత్తట్లేదా?"

"కట్ చేస్తోంది."

"నీ కొత్త నంబరు ఆవిడకి తెలుసా?"

"నంబరుతో పనేముంది. ఎత్తితే గొంతు తెలుస్తుంది."

ఆరోసారి చేశాడు. పది నిమిషాలు ఆగి ఏడోసారి చేశాడు. అదీ తెగింది. అప్పుడతను తనకు తనే ఒక సమాధానం చెప్పుకున్నాడు. లోపలికి పిలిచి ఉంటారు. ఫోను టైలరమ్మ చేతిలో ఉండి ఉంటుంది. నర్సు కసిరి ఉంటుంది, అందుకే కట్ చేస్తోంది. అంటే నేను చెప్పకుండానే వెళ్ళిందన్నమాట, గట్టిదే మా అక్క. ఆ సమాధానం బాగుంది. బాగున్న సమాధానాన్ని ఎవరు తిరగేసి చూస్తారు?

సాయంత్రం చేస్తే మళ్ళీ తెగింది. మర్నాడు చేసినా అంతే, తెగింది.

"నేను మిల్లుకి ఫోన్ చెయ్యనా?" అన్నాడు కరెంటాయన. "మిల్లు వాళ్ళు ఎవరినైనా మీ ఇంటికి పంపి కనుక్కుంటారు. ఎంతసేపు?"

ఫిట్టరు బోల్టు బిగిస్తూ ఆలోచించాడు. యజమాని దాకా ఇంటి గొడవ ఎందుకు? ఊరందరి చేతా పరుగులు తీయించడం ఎందుకు?

"వద్దులే. ఆపరేషనై పడుకుని ఉంటుంది," అన్నాడు.

ఆ మాట తర్వాత అతనికి ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు. నంబరు మార్చడం తెలియక చేసింది. మోతల సంగతి తట్టకపోవడం బుర్ర తక్కువతనం. ఈ "వద్దులే" మాత్రం అలాంటిది కాదు. ఎదుటి మనిషి చెయ్యి చాపితే, తను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

అతను మళ్ళీ ఫోన్ చెయ్యలేదు, పనిలో పడిపోయాడు. మర బాగా ఆడింది. మొదటి నూనె గిన్నెలోకి దిగినప్పుడు అక్కడివాళ్ళు చప్పట్లు కొట్టారు. సిమ్ములో సగం డబ్బు మిగిలే ఉంది, పంతొమ్మిదో రోజుకి.

ఇంటి వీధి మొగదల్లో టైలరమ్మే ఎదురొచ్చింది. చేతిలో కుట్టిన బట్టల మూట. అతన్ని చూసి మూట కింద పెట్టేసింది.

"వచ్చారా అన్నయ్యా! ఏమైపోయారు? ఒక్క ఫోన్ లేదు, ఏం లేదు. నేను చేస్తుంటే రోజూ స్విచ్ఛాఫే."

"ఆపరేషన్..."

"ఎక్కడి ఆపరేషన్? మీరు ఫోన్ చెయ్యందే కదలనని ఆసుపత్రి బల్ల మీద కూర్చుంది. ఫోను గుప్పిట్లో పెట్టుకుని. ఎవడో పనిలేని వాడు ఒకటే మోగించడం. ఎత్తక్కయ్యా, ఏమో ఎవరో అన్నాను. లాక్కోబోయాను కూడా. 'ఇది మావాడు కాదు, మావాడిది రైలు కూత' అని నొక్కేస్తూనే ఉంది. మూడుసార్లు పేరు పిలిచారు. మూడోసారి లేచి, చెప్పులేసుకుని, బయటికి నడిచింది. పెద్ద డాక్టరు ఆ సాయంత్రమే వెళ్ళిపోయాడు."

ఫిట్టరు అక్కడే, వీధి మధ్యన, పెట్టె మీద కూర్చుండిపోయాడు. సైకిలు వాడొకడు గంట కొట్టి పక్కనుంచి పోయాడు. టైలరమ్మ ఇంకా ఏదో చెబుతోంది. ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్తానన్నాననీ, ఆవిడ ససేమిరా అందనీ. అతనికి వినబడుతోంది గానీ, లోపలికి పోవడం లేదు.

ఇంట్లో అక్క మంచం మీద కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకి తలెత్తింది. చూపు అతని భుజం పక్కగా ఎక్కడికో వెళ్ళింది.

"నువ్వేనా?"

"నేనేనక్కా."

లేచి రెండడుగులు వేసి చేతులు చాచింది. అతని భుజాలు తడిమింది, మోచేతులు తడిమింది, వేళ్ళు ఒక్కొక్కటీ లెక్కపెట్టినట్టు పట్టుకు చూసింది.

"అన్నీ ఉన్నాయా? మర కింద చెయ్యేమైనా పడిందేమో అనుకున్నాన్రా. ఫోన్ చెయ్యకుండా ఉండవే నువ్వు. ఏదో అయ్యే ఉంటుందని, ఎవరైనా కబురు తెస్తారని, ఈ గుమ్మం వదల్లేదు. పదిహేను రోజులుగా నా కన్ను సంగతే నాకు తట్టలేదంటే నమ్ము. ఎందుకు చెయ్యలేదురా?"

"చేశానక్కా."

"ఎప్పుడు?"

"గురువారం పొద్దున. ఏడుసార్లు."

అక్క చేతులు అతని చేతుల మీద అలాగే ఆగిపోయాయి.

"ఆ ఏడూ నువ్వా?" అంది. చిన్నగా, "ఎత్తొద్దన్నావు కదరా," అంది.

అందులో తప్పు పట్టడం లేదు. చెప్పిన పాఠం సరిగ్గా అప్పజెప్పినట్టు అంది. నిరుడు అతను తిట్టినప్పుడు ఎలా తల వంచుకుందో అలా తల వంచుకుంది. పొరపాటు ఈసారి కూడా తనదేనేమోనని. ఫిట్టరు ఆమె భుజాలు పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాడు.

మర్నాడు డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. తర్వాత ఫిట్టరుని వసారాలోకి రమ్మంది. "పూర్తిగా ఊడిపోయిందండీ. ఇప్పుడు వేరే ఊరు తీసుకెళ్ళి చేయించినా కన్ను నిలబడుతుందేమో గానీ, మనుషుల్ని గుర్తుపట్టే చూపు రాదు. వెలుతురు తెలుస్తుంది. ఆ గురువారం తలుపు దాకా వచ్చి వెళ్ళిపోయారట కదా. ఎందుకలా?"

ఫిట్టరు నేల వైపు చూశాడు. సిమ్ము, రైలు కూత, చవక. ఏ కొస నుంచి మొదలుపెట్టినా ఆ తెల్లకోటు మనిషికి అది అర్థమయ్యేలా చెప్పగల నోరు అతనికి లేదు.

"నా వల్లనండీ," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అక్కే అడిగింది. "రాదనే కదా చెప్పింది?"

"ఊఁ."

"సర్లే. నీ మొహం చూసి చూసి కంఠతా వచ్చేసింది నాకు. కొత్తగా చూడ్డానికేముంది అందులో," అంది. నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. రెండో వైపుకి మొహం తిప్పుకుంది, అతను చూడకుండా.

ఇంటికొచ్చాక ఫిట్టరే పొయ్యి దగ్గరికెళ్ళాడు. బియ్యం కడిగి ఎసట్లో వేశాడు. ఉప్పు ఎక్కడుందో రెండు డబ్బాలు తెరిచి వెతుక్కున్నాడు. అక్కని అడగలేదు. టైలరమ్మ గిన్నెలో కూర తెచ్చి, పెట్టేసి వెళ్ళబోయి, ఇద్దర్నీ చూసి, చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చుంది.

మూడు కంచాలు వేశాడు. అక్క చూపుడువేలితో కంచం అంచు వెంట ఒక చుట్టు తిరిగి, అన్నం ఎక్కడుందో చూసుకుంది. ఫిట్టరు నీళ్ళ గ్లాసు ఆమె కుడి చేతికి దగ్గరగా పెట్టాడు. పెట్టిన చప్పుడు వినబడేలా పెట్టాడు. ముద్ద కలిపి నోటి దాకా తెచ్చుకుని ఆమె ఒక క్షణం ఆగింది, తర్వాత తింది.

బయట వీధిలో ఎవరో ఎవరినో పిలుస్తూ పోయారు.

తమ్ముడికి కూర సరిపోలేదేమోనని అక్క గిన్నె తడిమి పట్టుకుని, అతను కూర్చున్నాడనుకున్న వైపు జరిపింది. అటు ఉన్నది టైలరమ్మ. ఆమె గిన్నె అందుకుని, చప్పుడు కాకుండా ఫిట్టరు ముందు పెట్టింది. అతను వడ్డించుకున్నాడు. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.